గిర్వి విడిపించుకొనుట, ఇల్లు నడుపుకొనుట



పత్తి తూకమై, కంది రాశి కల్లము నుండి ఇంటికి చేరిన తరువాత మా నారాయణఖేడ్ ప్రాంతపు ఇండ్లలో ఒక మాట తప్పక వస్తుంది. "చేతిలో నాలుగు పైసలు ఉన్నాయి. వీటితో గిర్విలో ఉన్న చేను విడిపించుకొందామా, లేక ఇంటి ఖర్చులకు ఉంచుకొందామా?" భర్త ఒకటి అంటాడు, భార్య మరొకటి అంటుంది. ముసలి తండ్రి అరుగు మీద నుండి, "ముందు నా భూమి నాకు కావాలె" అంటాడు. ముగ్గురి మాటలోనూ న్యాయము ఉన్నది. అందుకే ఈ ప్రశ్న సులభమైనది కాదు. గడువుకన్న ముందే అప్పు తీర్చుట మంచిదే. అయితే పిల్లల నోటి దగ్గర కూడు తీసి తీర్చిన అప్పు మళ్లీ అదే వాకిట్లోకి వస్తుంది. ఈ నెల ఈ సంగతినే మీతో మాట్లాడదలచితిమి.

రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయములో అప్పులపాలైన ఒక విధవరాలి కథ మీరెరుగుదురు. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చినాడు. నూనె సమృద్ధిగా దొరికిన తరువాత ఎలీషా ఆమెకు ఏమి చెప్పెనో గమనించండి. నూనె అమ్మి అప్పు తీర్చుము, మిగిలిన దానితో నీవును నీ పిల్లలును బ్రదుకుడి అని ఆయన మాటకు భావము. అప్పు సంగతి, అన్నము సంగతి రెండూ ఒకే మాటలో ఉన్నవి. అప్పు మరచి తినుమని ఆయన చెప్పలేదు, తిండి మరచి కట్టుమని కూడ చెప్పలేదు. మరియొక సంగతి ఏమనగా, ఆ రోజు ఆమె చేతిలోని నూనె అప్పుకూ బ్రదుకుకూ రెండింటికీ సరిపోయినది. మన చేతిలోని పంట సొమ్ము చాలా ఏండ్లు రెండింటికీ సరిపోదు. అప్పుడు ఏ అప్పు ముందు, ఏ అప్పు వెనుక అని లెక్క వేసుకొనక తప్పదు.

మొట్టమొదట చేయవలసిన పని

ఒక తెల్ల కాగితము తీసుకొని ఇంటి అప్పులన్నీ వ్రాయండి. బ్యాంకులో పంట రుణము, మహిళా పొదుపు సంఘములో తీసుకొన్నది, గిర్విలో ఉన్న పుస్తెలతాడు, ఎరువుల దుకాణములో బాకీ, కిరాణా ఖాతా, చెరకు కోతకు పోవుటకు ముఠా మేస్త్రి వద్ద తీసుకొన్న అడ్వాన్సు, భూమి మీద తెచ్చినది, చుట్టాల వద్ద చేబదులు, ఏదీ విడువకండి. ఒక్కొక్కదాని ప్రక్కన నాలుగు సంగతులు వ్రాయండి. అసలు ఎంత? మిత్తి ఎంత? గడువు ఎప్పుడు? కట్టకపోతే పోయేది ఏమిటి?

ఈ కాగితము భార్యాభర్తలు ఇద్దరూ కలిసి కూర్చుండి వ్రాయవలెను. మన ఇండ్లలో చాలచోట్ల మగవాడు చేసిన అప్పు ఆడమనిషికి తెలియదు, ఆమె పొదుపు సంఘములో తెచ్చిన అప్పు అతనికి సగమే తెలుసు. దాచిన అప్పు మనిషిని లోపల నుండి తినివేస్తుంది. తెలంగాణ పల్లెలలో ఎందరు రైతులు అప్పుల భారముతో, ఎవరికీ చెప్పుకొనలేక, ప్రాణములు తీసుకొన్నారో మనకు తెలియనిది కాదు. అప్పు కాగితము మీదికి వస్తే అది ఒక లెక్క అవుతుంది. లెక్కకు ఏదో ఒక దారి ఉంటుంది. మనసు మరీ కుంగిపోయినవారు ఉంటే 14416 అను నంబరుకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. అంతకన్న ముందు ఇంట్లోవారికి చెప్పండి, మీ కాపరికి చెప్పండి.

మిత్తిని ఏడాది లెక్కలోనికి మార్చండి

మన ప్రాంతములో మిత్తిని "నూటికి రెండు రూపాయలు", "నూటికి మూడు రూపాయలు" అని నెల లెక్కన చెప్పుకొంటాము. బ్యాంకువారు ఏడాది లెక్కన చెప్తారు. ఈ తేడా వలన చాలమంది మోసపోతారు. "బ్యాంకు ఏడు తీసుకొంటుంది, సేటు రెండే తీసుకొంటాడు" అని అమాయకముగా అనేవారూ ఉన్నారు. నెలకు రెండు అంటే ఏడాదికి ఇరవై నాలుగు. మూడు అంటే ముప్పై ఆరు. లక్ష రూపాయలకు రెండు రూపాయల మిత్తి అయితే ఏడాదికి 24,000. నాలుగేండ్ల రెండు నెలలలో కట్టిన మిత్తియే లక్ష అవుతుంది, అసలు లక్ష అలాగే కూర్చుండి ఉంటుంది.

బ్యాంకు పంట రుణము సంగతి వేరు. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల వరకు పంట రుణమునకు కేంద్ర ప్రభుత్వ సహాయముతో ఏడు శాతము మిత్తి. గడువులోగా కట్టినవారికి అందులో మూడు శాతము తగ్గి నాలుగు శాతమే పడుతుంది. లక్షకు ఏడాదికి 4,000. అదే లక్షకు బయట 24,000. ఇరవై వేల తేడా. ఒక పిల్లవాని చదువు అందులోనే ఉన్నది.

కాబట్టి పంట రుణమును గడువుకన్న ఎంతో ముందుగా కట్టివేయుటకు తొందరపడనక్కరలేదు గాని, గడువు మాత్రము దాటనీయకూడదు. దాటితే ఆ మూడు శాతపు తగ్గింపు పోతుంది, మరుసటి ఏడు రుణము దొరుకుట కష్టమవుతుంది. "ఎలాగూ మాఫీ వస్తుందిలే" అని కూర్చుండేవారు ఉన్నారు. మాఫీలు వచ్చినవి నిజమే. 2008లో దేశమంతటా వచ్చినది, 2014 తరువాత తెలంగాణలో లక్ష వరకు నాలుగు విడతలుగా వచ్చినది, 2024లో జూలై, ఆగస్టు నెలలలో రెండు లక్షల వరకు మూడు విడతలుగా చేసినారు. వచ్చినప్పుడు సంతోషమే. అయితే బయటి సేటు బాకీని ఏ మాఫీయూ ముట్టుకొనలేదు. రాబోవు మాఫీని నమ్ముకొని ఇంటి లెక్క వేయుట వానను నమ్ముకొని దుక్కి మానుట వంటిది.

భూమి గిర్వి పెట్టినవారికి

మా వైపు భూమి గిర్వి రెండు మూడు విధములుగా జరుగుతున్నది. అప్పు ఇచ్చినవాడు మిత్తికి బదులుగా చేను తానే దున్నుకొనుట ఒకటి. కాగితము వ్రాసుకొని చేను మనమే దున్నుకొంటూ మిత్తి కట్టుట మరొకటి. మూడవది మిక్కిలి ప్రమాదకరమైనది. "పేరుకు మాత్రమే" అని చెప్పి అప్పు ఇచ్చినవాని పేరున అమ్మకపు దస్తావేజు రిజిస్ట్రీ చేయించుట.

ఈ మూడవదాని విషయములో ప్రతి కుటుంబమూ ఎరుగవలసిన సంగతి ఒకటి ఉన్నది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము, డబ్బు తిరిగి ఇస్తే భూమి తిరిగి ఇవ్వవలెను అను షరతు అదే అమ్మకపు దస్తావేజులో వ్రాసి ఉంటేనే దానిని తాకట్టుగా పరిగణిస్తారు. షరతు వేరే కాగితము మీద వ్రాసుకొన్నా, నోటిమాటగా అనుకొన్నా, తరువాత కచ్చేరీలో అది తాకట్టు అని నిలబెట్టుట బహు కష్టము. నమ్మకస్థుడే కావచ్చును. అయితే మనుష్యులు చనిపోతారు, కుమారులకు తండ్రుల మాట తెలియదు. భూమి ధర పదింతలు పెరిగినప్పుడు నోటిమాట ఎంత బరువు మోయగలదో మీరే ఆలోచించండి. సంగారెడ్డి నుండి నాందేడు వైపు పోయే రహదారి వెంబడి భూముల ధరలు ఎక్కడ నుండి ఎక్కడికి పోయినవో అందరమూ చూచినాము.

తాకట్టును విడిపించుకొను హక్కు మాత్రము బలమైనది. తాకట్టు తాకట్టే, ఎన్నేండ్లు గడచినా అది తనంతట తాను అమ్మకము కాదు. విడిపించుకొనుటకు దావా వేయు గడువు 1963 నాటి కాలపరిమితి చట్టములో ముప్పై ఏండ్లు. అప్పిచ్చినవాడు సొమ్ము తీసుకొనను అంటే కచ్చేరీలో జమకట్టుటకు కూడ చట్టములో దారి ఉన్నది. అయితే ఒక సూక్ష్మము గమనించండి. అసలు కట్టవలసిన గడువు వచ్చిన తరువాతనే ఈ హక్కు పుడుతుంది. మూడేండ్ల గడువు వ్రాసుకొని, రెండవ ఏడే సొమ్ము తీసుకొనిపోతే "ఇప్పుడు కాదు" అని అతడు అనవచ్చును. కనుక గిర్వి పెట్టునప్పుడే "గడువుకన్న ముందు ఎప్పుడు కట్టినా, కొంత కొంతగా కట్టినా తీసుకొనవలెను" అని కాగితములో వ్రాయించుకొనండి. ఈ ఒక్క వాక్యము ఒక పంట విలువ చేస్తుంది. తాకట్టు దస్తావేజుకు రిజిస్ట్రీ, కనీసము ఇద్దరి సాక్షి సంతకములు ఉండవలెనని కూడ చట్టమే చెప్తున్నది.

అప్పిచ్చినవాడు చేను దున్నుకొంటున్నప్పుడు, ఆ గిర్వికి మిత్తి ఎంత పడుతున్నదో తెలుసుకొనుటకు సులభమైన లెక్క ఉన్నది. అటువంటి చేనుకు మీ ఊరిలో కౌలు ఎంత పలుకుతుంది? ఎకరము మీద లక్షా యాభై వేలు తెచ్చినారనుకొందాము, కౌలు పదిహేను వేలు అనుకొందాము. అంటే లక్షా యాభై వేలకు మీరు ఏడాదికి పదిహేను వేలు కడుతున్నట్లే, నూటికి పది. బయటి చేబాకీ ఇరవై నాలుగు. మిత్తి లెక్క చూస్తే చేబాకీయే ముందు తీర్చవలెను. నాయన కోరినది భూమి అయినను, కుటుంబమును ఎక్కువ పీల్చుచున్నది చేబాకీ. కాగితము సరిగా ఉన్నదా లేదా అనునదే ఇక్కడ తీర్పు. కాగితము సరిగా ఉంటే చేను కొంతకాలము ఆగవచ్చును. కాగితము అమ్మకపు దస్తావేజు అయితే మిత్తి లెక్క ప్రక్కన పెట్టి, భూమినే ముందు విడిపించుకొనవలెను, లేదా సరియైన కాగితమైనా వెంటనే వ్రాయించుకొనవలెను.

ఒక ఇంటి లెక్క

మాదిరికి ఒక కుటుంబము అనుకొందాము. పెట్టుబడులు పోను చేతిలో 1,40,000 ఉన్నది. పంట రుణము గడువులోనే తిరుగవ్రాయించుకొన్నారు. బయట చేబాకీ 60,000, మిత్తి రెండు రూపాయలు. ఎకరము చేను 1,50,000కు గిర్విలో ఉన్నది, కాగితము సరిగానే ఉన్నది. ఇప్పుడు ఫిబ్రవరి నెల. మళ్లీ పత్తి చేతికి వచ్చుటకు తొమ్మిది నెలలు. ఇంటి జొన్నలు, కందిపప్పు, రేషను బియ్యము పోను నెలకు 9,000 ఖర్చు. కూలి, పాలు కలిపి నెలకు 5,000 వస్తుంది. నెలకు 4,000 లోటు, తొమ్మిది నెలలకు 36,000. జూనులో పిల్లల బడి ఖర్చు 15,000. జ్వరమో, ఎద్దుకు రోగమో వస్తే అని 15,000. అంతా కలిపి 66,000. ఇది ముట్టకూడని సొమ్ము.

మిగిలినది 74,000. అందులో 60,000తో చేబాకీ పూర్తిగా తీర్చివేయండి. ఆ రోజు నుండి నెలకు 1,200 మిత్తి ఆగిపోతుంది. ఏడాదికి 14,400. మిగిలిన 14,000 గిర్వి అసలులో కట్టి రసీదు తీసుకొనండి. అతడు కొంత కొంతగా తీసుకొనకపోతే ఆ సొమ్మును ఇల్లాలి పేర పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేరుగా ఉంచండి. వచ్చే ఏడు ఇదే పంట పండితే 74,000 జతయై 88,000 అవుతుంది. మూడవ పంటకు కావలసినది 62,000 మాత్రమే. మూడవ పంట నాటికి చేను తిరిగి వస్తుంది, అంతవరకు పిల్లలు బడి మానరు.

ఇక మరొక దారి చూడండి. ఆత్రముతో 1,40,000 మొత్తము భూమి మీదనే పెట్టినారనుకొందాము. ఇంకా పదివేలు తక్కువ, చేను రాలేదు. చేబాకీ మిత్తి నడుస్తూనే ఉన్నది. ఏప్రిల్ నెలకు కిరాణా ఖాతా నిండుతుంది. జూనులో ఫీజుకు మూడు రూపాయల మిత్తికి అప్పు తెస్తారు. వర్షము ఆలస్యమైతే చెరకు కోత మేస్త్రి వద్ద అడ్వాన్సు తీసుకొని, పిల్లలను వెంటబెట్టుకొని చెరకు తోటలకు పోతారు. పది శాతపు అప్పు తీర్చబోయి ముప్పై ఆరు శాతపు అప్పులో పడినారు. మన ప్రాంతములో చదువు మధ్యలో ఆగిన పిల్లల వెనుక ఇటువంటి లెక్కలు ఎన్నో ఉన్నవి.

ఒక అప్పు తీర్చుటకు మరొక అప్పు తెచ్చుట గురించి కూడ ఒక మాట. తక్కువ మిత్తికి తెచ్చి ఎక్కువ మిత్తి తీర్చుట తెలివే. వారపు కిస్తీ కట్టుటకు మరొకచోట వారపు కిస్తీకే తెచ్చుట ఉరి. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చిన్న రుణాల కంపెనీల వలన పల్లె స్త్రీలు పడిన బాధలు మరువరానివి. ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. ఇప్పుడు ఫోనులోనే అప్పిచ్చేవారు బయలుదేరినారు. ఎవరని తెలియనివాని వద్ద, మిత్తి ఏడాదికి ఎంతో చెప్పనివాని వద్ద అప్పు తీసుకొనకండి.

ఇంటి మీద బ్యాంకు అప్పు ఉన్నవారికి

మన సంఘములలో ఉపాధ్యాయులు, నర్సులు, ఆర్టీసీ ఉద్యోగులు బ్యాంకు అప్పుతో ఇండ్లు కట్టుకొన్నారు. వారికి లెక్క మరొక విధముగా ఉంటుంది. ఐదు లక్షలు, తొమ్మిది శాతము, పదిహేనేండ్లు అనుకొందాము. నెలకు సుమారు 5,071 కట్టవలెను. మొదటి నెల అందులో 3,750 మిత్తికే పోతుంది. మొదటి ఏడంతా కలిపి 60,850 కడితే, అసలు తగ్గేది సుమారు 16,500 మాత్రమే. పదిహేనేండ్లలో మిత్తి నాలుగు లక్షల పన్నెండు వేలు దాటుతుంది.

ఇప్పుడు మొదటి నెల నుండి అదనముగా వెయ్యి రూపాయలు కలిపి కట్టినారనుకొనండి. అప్పు పదేండ్ల తొమ్మిది నెలలలో తీరిపోతుంది. నాలుగేండ్లకు పైగా ముందు. మిత్తిలో మిగిలేది సుమారు లక్షా ముప్పై వేలు. ముందుగా కట్టే రూపాయికి బలము ఎక్కువ. చివరి ఏండ్లలో కట్టే అదనపు రూపాయికి అంత బలము ఉండదు.

అదనముగా కట్టునప్పుడు బ్యాంకువారిని స్పష్టముగా అడగండి. ఈ సొమ్ము అసలులో జమ చేయండి అని కాగితము వ్రాసి ఇవ్వండి. తరువాత రెండు దారులు ఉంటాయి, నెలసరి వాయిదా తగ్గించుకొనుట, లేదా ఏండ్లు తగ్గించుకొనుట. నెల జీతము స్థిరముగా ఉన్నవారు ఏండ్లు తగ్గించుకొంటే లాభము ఎక్కువ. రాబడి నమ్మకము లేనివారు వాయిదా తగ్గించుకొంటే ఊపిరి ఆడుతుంది. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకొన్న ఇంటి అప్పును ముందుగా కట్టినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించినది. మారని వడ్డీ మీద తీసుకొన్నవారు తమ ఒప్పందపు కాగితము చూచుకొనవలెను. అప్పు పూర్తిగా తీరిన తరువాత ముప్పై రోజులలో ఇంటి కాగితములు తిరిగి ఇవ్వవలెనని, వారి వలన ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారము ఇవ్వవలెనని 2023 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశము ఆ డిసెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఈ మాట తెలిసి అడిగినవానికి కాగితము త్వరగా దొరుకుతుంది.

ఇంటి ఖర్చులో ఎక్కడ తగ్గించవలెను?

తగ్గించకూడనివి ముందు చెప్తాము. పిల్లల పాలు, గుడ్డు, పప్పు తగ్గించకండి. ఆడపిల్ల చదువు ఆపకండి. బి.పి., షుగరు మాత్రలు మానకండి, మాత్ర మానిన మిగులు ఆసుపత్రి బిల్లులో పదింతలై పోతుంది. పెద్ద జబ్బు వస్తే అప్పు కొరకు పరుగెత్తకముందే ఆరోగ్యశ్రీ అడగండి. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షలకు పెంచినారు. భూమి పట్టా ఉన్న రైతులకు 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా ఉన్నది, 18 నుండి 59 ఏండ్ల వయసువారికి ఐదు లక్షలు. అందులో నామినీ పేరు సరిగా ఉన్నదో లేదో ఈ వారమే చూచుకొనండి. అప్పు చేసినవాడు పోయినా అప్పు పోదు గదా.

తగ్గించదగినవి మీకే తెలుసు. కల్లు, గుట్కా, బీడీ రోజుకు నలభై రూపాయలు అయితే నెలకు 1,200. పైన చెప్పిన చేబాకీ మిత్తి సరిగ్గా అంతే! పెళ్లి సంగతి మరీ పెద్దది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఒక్క పూట భోజనము కొరకు, డీజే పాటల కొరకు చేను గిర్వి పెట్టిన ఇండ్లు ప్రతి ఊరిలోనూ ఉన్నవి. గుడిలో సాదాగా జరిగిన పెండ్లి ఏమాత్రమూ తక్కువ పెండ్లి కాదు. సంఘ పెద్దలే ముందు తమ ఇంటి పెండ్లి సాదాగా చేసి చూపితే, బీదవారికి ధైర్యము వస్తుంది.

కోత పండుగ కానుక గురించి కూడ దాపరికము లేకుండ చెప్తున్నాము. అప్పులో ఉన్న కుటుంబము ఇరుగుపొరుగు చూచి సిగ్గుపడి, మిత్తికి తెచ్చి బస్తా ధాన్యము అర్పించనక్కరలేదు. అప్పు తెచ్చిన సొమ్ము మీది కాదు, అప్పిచ్చినవానిది. ఉన్నదానిలో గుప్పెడు తెండి. పేర్లు చదువునప్పుడు ఎవరెంత తెచ్చినారని బిగ్గరగా చదువుట సంఘములు మానితే మరీ మంచిది.

అప్పిచ్చే సహోదరులకు

మన పాఠకులలో అప్పు తీసుకొనేవారే కాక ఇచ్చేవారూ ఉన్నారు. మిత్తికి ఇచ్చేవారు వేరే లోకములో లేరు, మన వరుసలలోనే కూర్చుంటారు. నెహెమ్యా గ్రంథము ఐదవ అధ్యాయము ఒకసారి తెరచి చదవండి. కరవు కాలములో ధాన్యము కొరకు జనులు తమ పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువ పెట్టిరి. కుదువ పట్టినవారు పరదేశులు కారు, స్వజనులే. నెహెమ్యా వారిని సమాజములో నిలువబెట్టి, పొలములు తిరిగి ఇవ్వుమని, తీసుకొన్న నూరవ భాగము కూడ తిరిగి ఇవ్వుమని అడిగెను. ఆ నూరవ భాగము నెల మిత్తి అని వ్యాఖ్యాతలు చెప్పుదురు. అంటే నూటికి ఒక రూపాయి! దానికే ఆయనకు అంత కోపము వచ్చినది. మన ఊరిలో రెండు, మూడు నడుస్తున్నది.

నిజాము కాలములోనే, 1349 ఫసలీలో, తెలంగాణకు వడ్డీ వ్యాపారుల చట్టము వచ్చినది. లైసెన్సు లేక ఆ వ్యాపారము చేయకూడదని అది చెప్తున్నది. చట్టము సంగతి అటుంచండి. సహోదరుడు కొంత అసలు కట్టుటకు వచ్చినప్పుడు తీసుకొనండి, రసీదు ఇవ్వండి, ఆ మేరకు మిత్తి తగ్గించండి. గడువుకన్న ముందు చేను విడిపించుకొనుటకు వచ్చినవానిని తిప్పి పంపకండి. అతని బిడ్డలు మీ బిడ్డలతో కలిసి ఆదివారపు బడిలో కూర్చుండేవారే.

అప్పు తీరిన నాడు

అప్పు తీరిన నాడు సంతోషముతో కాగితము మరచిపోవద్దు. ప్రామిసరీ నోటు వెనుకకు తీసుకొనండి. తాకట్టు రిజిస్ట్రీ అయి ఉంటే విడుదల దస్తావేజు కూడ రిజిస్ట్రీ చేయించండి. భూమి రికార్డులో మీ పేరే ఉన్నదో చూచుకొనండి. 2020లో వచ్చిన ధరణి స్థానములో 2025 ఏప్రిల్ నుండి భూభారతి వచ్చినది, అందులో చదువుకొన్న పిల్లల చేత చూపించుకొనవచ్చును. బ్యాంకు నుండి బాకీ లేదను పత్రము తీసుకొనండి. ఆ కాగితములన్నీ ఒక సంచిలో పెట్టి, ఎక్కడ పెట్టినారో భార్యకూ పెద్ద బిడ్డకూ చెప్పండి.

ఆ మరుసటి నెల నుండి, మిత్తికి కట్టిన సొమ్ము చేతిలో మిగులుతుంది. ఆ సొమ్మును ఖర్చుకు అలవాటు చేయకండి. అదే తేదీన, అంతే మొత్తము తరువాతి అప్పుకు కట్టండి, అప్పులన్నీ తీరితే పొదుపులో వేయండి. ఇంతకాలము మిత్తి కట్టగలిగిన చేతులు అంతే క్రమముగా కూడబెట్టనూగలవు.

వచ్చే ఆదివారము ఆరాధన ముగిసి, భోజనము చేసిన తరువాత, ఒక గంట పొలము, పశువులు, ఫోను అన్నీ ప్రక్కన పెట్టండి. భార్యాభర్తలు ఇద్దరూ చాప మీద కూర్చుండి ఆ తెల్ల కాగితము వ్రాయండి. నాయనను కూడ పిలిచి వినిపించండి. చేను మూడవ పంటకు వస్తుందని లెక్కతో చెప్తే ఆయనా ఊరడిల్లుతాడు. వ్రాయుట రాకపోతే మీ కాపరి వద్దకు రండి, ఆయన వ్రాసి పెట్టును. ఆ పనికి రుసుము లేదు, అందులో సిగ్గును లేదు.